బోండాంలో పన్ను

క్రితం వారం రెబెక్కమ్మను మనం పాలపొడి డబ్బాల మధ్య వదిలేసి వచ్చాం. ఉప్పురేవు మిషన్ ఆసుపత్రిలో పంటి డాక్టరుగా చేరిన నాటి నుంచి ఆమె గది గడప తొక్కిన రోగులు తక్కువ. కాలితో తొక్కే పంటి మరను చూసి కుట్టుమిషను అనుకుని రవికె గుడ్డలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళే ఎక్కువ. పన్ను కదిలితే దారం కట్టి తలుపుకు ముడేసే ఊళ్ళో, పళ్ళ కోసం మద్రాసులో చదువుకొచ్చిన మనిషి ఉంటుందని ఎవరూ నమ్మలేదు. ఆసుపత్రి మేనేజరు హెబ్రోను గారు కూడా నమ్మలేదు. గది ఖాళీ చేసి పాలపొడి డబ్బాలకు ఇవ్వమన్నాడు. డబ్బాలు సగం లోపలికి వచ్చి, రెబెక్కమ్మ తన మరకు గుడ్డ కప్పుతూ ఉండగా, రేవులో మోగుతున్న పెండ్లి నాదస్వరం కీచుమని అరిచి ఆగిపోయింది.

ఆగిన నాదస్వరం మళ్ళీ మొదలు కాలేదు. దాని బదులు జనం గోల మొదలైంది. ఆ గోల రేవు దాటి, ఎండుచేపల దిబ్బ దాటి, ఆసుపత్రి వైపే వస్తోంది. రెబెక్కమ్మ చెవి అటు పెట్టి, మర మీద కప్పిన గుడ్డను మెల్లగా వెనక్కి లాగింది.

పెండ్లిజనమంతా ఒక్కసారిగా గదిలోకి చొరబడ్డారు. ముందు ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకొని ఉన్నారు. ఒకడు పట్టు కండువా వేసుకున్న పెండ్లికొడుకు ముత్యాలయ్య. సరస్సు అవతలి పాలెం నుంచి పడవలో వచ్చి అప్పుడే రేవులో దిగాడు. రెండోవాడు నాదస్వరం చాంద్ బాషా. చిట్టమూరు చుట్టుపక్కల గుళ్ళలో ఉత్సవమైనా, ఏ కులం ఇంట్లో పెండ్లయినా అతని మేళం లేనిదే కుదరదు. ఇద్దరి గుడ్డలూ ఎర్రగా తడిసి ఉన్నాయి. పైకి తెలిసే తేడా ఒక్కటే. పెండ్లికొడుకు మూలుగుతున్నాడు, చాంద్ బాషా మూలగడం కూడా మానేసి పైకప్పు వంక చూస్తున్నాడు.

ఏం జరిగిందని అడిగితే పది నోళ్ళు ఒకేసారి చెప్పాయి. రెబెక్కమ్మ వాటిలోంచి ఏరుకున్నది ఇది. ఉప్పురేవులో ఎదురుకోలుకు ఒక ఆచారం ఉంది. పెండ్లికొడుకు ఒడ్డున అడుగు పెట్టగానే అడ్డంగా తెర పట్టుకుంటారు. అతను తెర కిందికి తల వంచితే, ఆ మరుగున పెండ్లికూతురు అతని నోట్లో బెల్లంముక్క పెడుతుంది. అంతసేపూ మేళం అతని వెనకే నిలబడి వాయిస్తూ ఉండాలి. ఇవాళ తెర పట్టారు, చాంద్ బాషా ఊపందుకున్నాడు, పెండ్లికూతురి చెయ్యి తెర వెనక లేచింది. మరుక్షణం పెండ్లికొడుకు వెల్లకిలా ఎగిరివచ్చి మేళం మీద పడ్డాడు. తడి ఇసకలో కాలు జారిందని మగపెండ్లివారు అన్నారు. అవును, జారిందని ఆడపెండ్లివారు అన్నారు. ఏ పెండ్లిలోనూ రెండువైపుల వాళ్ళు ఇంత తొందరగా ఒక మాట మీదికి రావడం రెబెక్కమ్మ చూడలేదు.

ఆయా వెంకటశేషమ్మ చీపురు తిరగేసి జనాన్ని బయటికి తోలింది. లోపల మిగిలింది దెబ్బ తిన్న ఇద్దరు, పెండ్లికొడుకు తల్లి ఆదిశేషమ్మ, నాదస్వరం ఆగిపోవడం ఇంటి నుంచి విని పరిగెత్తుకొచ్చిన చాంద్ బాషా భార్య సర్దార్‌బీ. ఉన్నది ఒకటే కుర్చీ. చాంద్ బాషాను అందులో కూర్చోబెట్టి, పెండ్లికొడుకును పాలపొడి డబ్బాల మీద కూర్చోబెట్టారు.

రెబెక్కమ్మ ముందు పళ్ళ జోలికి పోలేదు. ఇద్దరికీ ఊపిరి సరిగా ఆడుతోందా, రక్తం గొంతులోకి దిగుతోందా, దవడ తెరిచి మూస్తే నొప్పి ఉందా, పడ్డప్పుడు స్పృహ తప్పిందా, వాంతి అయిందా అని ఒక్కొక్కటే చూసుకుంది. తలకు దెబ్బ తగిలినవాడికి తెలివి సరిగా ఉందో లేదో చూడాలి కాబట్టి, ఈరోజు విశేషమేమిటని పెండ్లికొడుకును అడిగింది. పెండ్లి అన్నాడు. ఎవరిది అని అడిగింది. అతను తల్లి వైపు ఒకసారి చూసి, కొంచెం ఆలోచించి, "నాదేనమ్మా" అన్నాడు.

అప్పుడు ఆదిశేషమ్మ కొంగు కింది నుంచి కొబ్బరిబోండాం బయటికి తీసింది. తల చెక్కిన పచ్చి బోండాం. లోపల నీళ్ళున్నాయి, నీళ్ళ అడుగున ఒక పన్ను ఉంది. ఇసకలో దొరికిన దాన్ని ఎవరో అందిస్తే, ఎదురుకోలుకు తెచ్చిన బోండాంలో వేసి పట్టుకొచ్చిందట. పోయిన పంటిని కాగితంలో చుట్టి తెచ్చేవాళ్ళను, కొంగున ముడేసుకొచ్చేవాళ్ళను, అసలు తేనివాళ్ళను రెబెక్కమ్మ మద్రాసులో చూసింది. ఇంత మంచి నీళ్ళలో పంటిని తెచ్చిన మనిషిని చూడడం ఇదే మొదలు. ఆమె ప్రాణం లేచి వచ్చింది. చెయ్యి చాచింది.

ఆదిశేషమ్మ బోండాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇది నా కొడుకు పన్ను. ఎక్కడ ఊడిందో ఆడ పెట్టేస్తానని మాటిస్తేనే ఇస్తా. సాయంత్రం ముహూర్తం. పళ్ళు లేని పెండ్లికొడుకును పీట మీద కూచోబెడితే మా పాలెంలో నా మొకాన ఎవురూ నిప్పు కూడా ఎయ్యరు."

సర్దార్‌బీ అప్పటిదాకా భర్త గడ్డం కింద గుడ్డ పట్టుకొని నిలబడి ఉంది. ఆ గుడ్డ అతని చేతికే ఇచ్చి ముందుకు వచ్చింది.

"నీ కొడుకు పన్నని దాని మీద పేరు రాసుండాదా? ఇద్దురి నోళ్ళూ పగిలినయ్యి. దొరికింది ఒక పన్ను. అది మా ఆయనది ఎందుకు కాకూడదు?"

ఆదిశేషమ్మ తన కొడుకు పళ్ళు పుట్టినప్పటి నుంచీ ముత్యాల్లా ఉంటాయని, పేరు కూడా అందుకే ముత్యాలయ్య అని పెట్టామని వాదించింది. పళ్ళు పుట్టకముందే పేరు ఎలా పెట్టారని సర్దార్‌బీ అడిగింది. ఆదిశేషమ్మ ఆ ప్రశ్నను వినిపించుకోకుండా, మేళగాడికి ఒక పన్ను పోతే ఏమైంది, ఊదేది గాలేగా అంది. ఆ మాటకు సర్దార్‌బీ గొంతు దిగిపోయింది.

"అమ్మా, నీ కొడుకు పంటితో నీ కొడుకే తింటాడు. మా ఆయన పంటితో మా ఇంటిల్లిపాదీ తింటాం. ఆ నాదస్వరం పీక పెదాల మధ్య నిలవాలంటే వెనక పన్నుండాల. లేకుంటే గాలి పక్కకు పోతాది. గాలి పోతే మేళం పోతాది."

చాంద్ బాషా కుర్చీలో కళ్ళు మూసుకున్నాడు.

రెబెక్కమ్మకు ఇద్దరి మాటలూ వినే తీరిక లేదు. ఊడిన పన్ను బయట ఉన్నంతసేపూ దాని వేరు మీది సన్నని పొర చచ్చిపోతూ ఉంటుంది. అది చచ్చాక పంటిని తిరిగి పెట్టినా ఎముక పట్టుకోదు. కానీ ఈ సంగతి పుస్తకంలో ఉన్నట్టు చెబితే ఆదిశేషమ్మ బోండాం వదలదు. ఆమె చేపల మనిషి. అందుకని రెబెక్కమ్మ ఆమెకు తెలిసిన మాటే చెప్పింది.

"అమ్మా, వలలోంచి ఒడ్డున పడ్డ చేపను ఎంతసేపు పెట్టుకొని బేరమాడతావు? ఇదీ అంతే. నువ్వు తగాదా పడేకొద్దీ నీ చేతిలోనే చస్తా ఉంది. నోళ్ళు చూస్తాను. ఎవరిదని తేలితే వాళ్ళకు పెడతాను. తేలేదాకా బోండాం నువ్వే పట్టుకో."

ఆ ఒప్పందం ఆదిశేషమ్మకు నచ్చింది. బోండాం పట్టుకొని ఆమె కూడా వంగి చూసింది. అటువైపు నుంచి సర్దార్‌బీ వంగింది. రెబెక్కమ్మ చాంద్ బాషా పెదవి ఎత్తింది. పై వరసలో ముందు పన్ను ఉండాల్సిన చోట గుంట ఒకటే ఉంది, నిండా రక్తంతో. పక్క పళ్ళు గట్టిగానే ఉన్నాయి. తర్వాత పాలడబ్బాల వైపు తిరిగి పెండ్లికొడుకు పెదవి ఎత్తింది. ఇతనికి పన్ను ఊడలేదు, అడ్డంగా విరిగింది. సగం చిగురులోనే ఉంది. విరిగిన చోట మధ్యలో గుండుసూది మొనంత ఎర్రటి చుక్క. అది పంటి నరం. గాలి తగిలితేనే అతను డబ్బాల మీద నుంచి జానెడెత్తు ఎగిరాడు. కింది డబ్బా ఒకటి దొర్లుకుంటూ గుమ్మం దాటింది.

రెబెక్కమ్మ పట్టుకారుతో బోండాంలోని పంటిని తల పట్టుకొని పైకి తీసింది. వేరుతో సహా నిండు పన్ను. ఆదిశేషమ్మ నోరు తెరిచింది. పంటికి లోపల అంత పొడవున ఇంకో పన్ను ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"నీ కొడుకు పంటి వేరు నీ కొడుకు నోట్లోనే ఉంది. చూశావుగా. ఇంకో వేరు ఎక్కడి నుంచి వస్తుంది?" అంది రెబెక్కమ్మ.

ఆదిశేషమ్మ కొడుకు నోట్లోకి చూసింది, పట్టుకారు వంక చూసింది, మళ్ళీ కొడుకు నోట్లోకి చూసింది. ఆఖరికి బోండాం సర్దార్‌బీ చేతిలో పెట్టి, "నీళ్ళు మాత్రం మావి" అంది.

ఇక పని చకచకా సాగింది. పంటిని బొగ్గుపొడితో తోమి తెల్లగా చేసి పెడదామని వెంకటశేషమ్మ గిన్నె తెచ్చింది. రెబెక్కమ్మ ఆమెను ఆపి, వేరును వేలితో తాకకూడదని చెప్పి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు పోయించి ఇసక మాత్రం కడిగింది. సరిగ్గా అప్పుడే హెబ్రోను గారు దొర్లివచ్చిన డబ్బాను చంకన పెట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. గది ఇంకా ఎందుకు ఖాళీ కాలేదని అడగబోయాడు. రెబెక్కమ్మ తల తిప్పకుండానే, డబ్బా కింద పెట్టి చాంద్ బాషా తల రెండు చేతులా కదలకుండా పట్టుకోమంది. మేనేజరు గారికి ఆ ఆసుపత్రిలో ఎవరూ అలా పని చెప్పలేదు. ఏం చెయ్యాలో తోచక తల పట్టుకున్నాడు.

చిగురుకు మత్తు సూది వేసి, గుంటలోని గడ్డను కడిగి, రెబెక్కమ్మ పంటిని దాని చోటికి చేర్చి బొటనవేలితో మెల్లగా నొక్కింది. మొదట అది మొండికేసింది. కొద్దిగా తిప్పి మళ్ళీ నొక్కింది. టక్కుమని చిన్న చప్పుడుతో కూర్చుంది. ఆ చప్పుడు విని హెబ్రోను గారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తలను మాత్రం వదల్లేదు. తర్వాత సన్నని ఉక్కుతీగ తీసి, ఆ పంటిని అటూ ఇటూ ఉన్న పళ్ళతో కలిపి చుట్టి, కొసలు మెలిపెట్టి, పెదవికి గుచ్చుకోకుండా లోపలికి వంచింది. పళ్ళు కలిపి కొరికించి చూసింది. సరిపోయింది. ధనుర్వాతం రాకుండా సూది వేయాలని, ముందు కొంచెం వేసి పడుతుందో లేదో చూసి ఆ తర్వాత మిగతాది వేస్తానని సర్దార్‌బీకి చెప్పింది.

చాంద్ బాషా చేతులు ఎత్తాడు. గాల్లో నాదస్వరం పట్టుకున్నట్టు పట్టుకొని, వేళ్ళు రంధ్రాల మీద ఆడించి, ఆమె ముఖంలోకి చూశాడు. ఇంత సేపట్లో అతను అడిగిన ప్రశ్న అదొక్కటే.

ఊదగలవని చెప్పడం రెబెక్కమ్మకు ఎంతో తేలిక. కానీ చెప్పలేదు. పన్ను చప్పున లోపలికి చేరింది కనుక పట్టుకునే ఆశ బాగా ఉందని, నాలుగు వారాలు నాదస్వరం ముట్టకూడదని, గంజీ జావా తప్ప నమలకూడదని, ఆ పైన కూడా లోపలి నరం సంగతి ఆమె చూడవలసి ఉంటుందని చెప్పింది. "ఇప్పుడు మాటివ్వలేను అన్నా. తీగ విప్పిన రోజు నీ ముందే నొక్కి చూస్తాను. కదలకపోతే నా గదిలోనే మొదటి కీర్తన వాయించు" అంది.

చాంద్ బాషా తల ఊపాడు. సర్దార్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నోరు మూసుకొని ఉండమంటా ఉంది డాక్టరమ్మ, ఇనబడిందా? పెండ్లయినకాడి నుంచి నేనూ అదే చెప్తా ఉండా" అంది. హెబ్రోను గారు తల వదిలి, చేతులు తుడుచుకుని, పాలపొడి డబ్బాలు వరండాలో ఉన్నా ఎలకలు రావని ఎవరూ అడగకుండానే చెప్పి వెళ్ళిపోయాడు.

పెండ్లికొడుకు వంతు వచ్చింది. అతనికీ మత్తు సూది వేసి, ఎర్రచుక్కను శుభ్రం చేసి, లవంగనూనె కలిపిన మందు కప్పింది. నొప్పి తగ్గేసరికి అతని ముఖం కాస్త మనిషి ముఖంలా అయింది. సన్నగా, నల్లగా, మంచివాడిలా ఉన్నాడు. ఇప్పుడు రెబెక్కమ్మను వేధిస్తున్నది విరిగిన ముక్క. ఇసకలో వెతికించారు, దొరకలేదు. దొరకని ముక్క మింగి ఉండవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు, పెదవిలో దిగబడి ఉండవచ్చు. మొదటిది ఫరవాలేదు. మిగతా రెండూ వదలకూడదు. స్టెతస్కోపు పెట్టి ఛాతీ రెండు పక్కలా విన్నది. పన్ను విరిగితే గుండె చూస్తుందేమిటని ఆదిశేషమ్మ వెంకటశేషమ్మను చాటుగా అడిగింది. గాలి రెండు వైపులా సమంగానే పోతోంది. దగ్గు లేదు. పై పెదవి, కింది పెదవి లోపలా బయటా నొక్కి చూసింది. వాపు ఉంది గానీ గాయం లేదు, లోపల గట్టిగా ఏదీ తగల్లేదు.

చివరికి తల తడిమింది. నుదుటి మీద ఏమీ లేదు. వెనకవైపు, జుట్టు కింద, కోడిగుడ్డంత బొప్పి ఉంది.

రెబెక్కమ్మ చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. ఇతను వెనక్కి పడ్డాడు. తల వెనకభాగం నాదస్వరం కొసకు తగిలింది. ఆ దెబ్బకు నాదస్వరం వెనక్కి గుద్దుకుని చాంద్ బాషా పన్ను ఊడింది. అంతవరకూ సరిపోయింది.

"వెనక్కి పడినోడికి ముందు పన్ను ఎట్టా విరిగింది, ముత్యాలయ్యా?"

అతను కాలు జారిందన్నాడు. ఆదిశేషమ్మ నాదస్వరం తగిలి ఉంటుందంది. నాదస్వరం వెనక ఉంది కదా అని రెబెక్కమ్మ అంటే, పడవ తగిలి ఉంటుందంది. పడవ కూడా వెనకే ఉందని సర్దార్‌బీ గుర్తు చేసింది. ఆదిశేషమ్మ ముందున్న వస్తువు కోసం చాలాసేపు వెతుక్కుని, బెల్లం గట్టిగా ఉండి ఉంటుందంది. పెండ్లికొడుకు తల వంచుకున్నాడు.

అప్పుడే వెనక తలుపు కిర్రుమంది. పెండ్లికూతురు కామాక్షమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది. బుగ్గన చుక్క, తల నిండా కనకాంబరాలు, కాళ్ళకు ఇసక. కుడిచేతికి పసుపు ముద్ద పెట్టి గుడ్డ చుట్టుకుంది. గదిలో ఎవరెవరు ఉన్నారో చూసి వెనక్కి అడుగేసింది. కానీ చెయ్యి అప్పటికే బాగా సలుపుతున్నట్టుంది, ఆగిపోయింది.

"చేప ముల్లు దిగింది డాక్టరమ్మా. తీసేస్తే పోతా" అంది.

రెబెక్కమ్మ ఆమెను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి గుడ్డ విప్పింది. నడిమి వేలి కణుపు ఉబ్బి, దాని మీద చిన్న గాటు. గాటులో తెల్లగా ఏదో మెరిసింది. గాయాన్ని కడిగి సన్న పట్టుకారుతో బయటికి తీసి, ఇనప పళ్ళెంలో వేసింది. టింగుమంది. గదిలో ఉన్నవాళ్ళంతా ఆ పళ్ళెంలోకి చూశారు. ముల్లు కాదు. సగం పన్ను.

పెండ్లికొడుకు చెయ్యి తనకు తెలియకుండానే నోటి దగ్గరికి వెళ్ళింది. సర్దార్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాంద్ బాషాకు నవ్వకూడదని డాక్టరమ్మ చెప్పలేదు గానీ, నవ్వితే తీగ లాగుతుందని అప్పుడే తెలిసింది.

ఆదిశేషమ్మ పళ్ళెం వంకా, కామాక్షమ్మ చేతి వంకా చూసింది. "బెల్లం పెట్టమంటే పిడికిలి పెట్టినావా మే?" అంది.

కామాక్షమ్మ కట్టు కోసం చెయ్యి చాచింది. మనిషి పంటి గాటు చేపముల్లు కంటే చెడ్డది, చీము పట్టకూడదంటే కుట్టకుండా వదిలేసి రోజూ కడగాలని రెబెక్కమ్మ చెబుతుంటే బుద్ధిగా వింది. కట్టు కట్టించుకుంది. కట్టు ముడి పడ్డాక తలెత్తి, ఆదిశేషమ్మను కాదు, పాలడబ్బాల మీద కూర్చున్న మనిషిని సూటిగా చూసింది.

"పెండ్లిచూపులకు మా ఇంటికొచ్చింది ఈయన కాదు, డాక్టరమ్మా. పేరు ఇదే చెప్పినారు, తల్లి ఈమే, మనిషి వేరే. తెర అడ్డం ఉండి మావోళ్ళు చూడలా. తెర కిందికి ఈ మొకం రాంగానే నా చెయ్యి ఆగలా."

అంతా ముత్యాలయ్య వైపు తిరిగారు. మత్తుకు పెదవి వేలాడుతున్నా, అతను మాటలు కూడదీసుకున్నాడు.

"ఆమె చెప్పేది నిజమేనమ్మా. ఆ పొద్దు వచ్చినోడు ఇప్పుడు మా పడవలోనే ఉండాడు. దిగనియ్యకుండా కట్టేసి తెచ్చినాం."

ఆదిశేషమ్మ గబగబా వెళ్ళి గది తలుపు మూసి, లోపలి నుంచి గడియ వేసింది.